బోర్డు కింద సుద్దపొడి

జూన్ 3

అత్తకి నమస్కారం.

ఎంట్రన్సులో ర్యాంకు వచ్చింది. గొప్పది కాదు, మరీ తీసిపారేసేదీ కాదు. నాన్న ర్యాంకు కార్డుని బైండింగ్ బల్ల మీద గమ్ము గిన్నె పక్కనే పెట్టుకుని, పుస్తకాలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. అప్పుడే దాని మీద వేలిముద్రలు అంటుకుపోయాయి.

ఫోను చేయొచ్చు కదా అంది అమ్మ. పోయినసారి మనం ఫోనులో మాట్లాడుకున్నది గుర్తుందా? నువ్వు "ఊఁ" అన్నావు, నేను "ఊఁ" అన్నాను. రెండు ఆవులు ఎదురెదురుగా నెమరేస్తున్నట్టుందని నాన్న ఇప్పటికీ నవ్వుతాడు. అందుకే ఉత్తరం.

ఏడాది బి.ఎడ్. కి కాలేజీ ఎంచుకోవాలి. ఈ నెల ఇరవైలోగా నెట్ సెంటరుకి వెళ్ళి వరసగా పేర్లు పెట్టాలి. నా కంటికి ఆనుతున్నవి రెండే. ఒకటి మీ ఊళ్ళోది, నువ్వు చదివిన పాత కాలేజీ. దానికి సొంత బడి ఉంది కాబట్టి రెండో నెల నుంచే రోజూ పిల్లల ముందు నిలబెడతారట. రెండోది మా ఊళ్ళోనే, బైపాస్ రోడ్డు మీద కొత్తగా పెట్టారు. కింద టైర్ల షాపు, పైన కాలేజీ. నిన్న నాన్నా నేనూ వెళ్ళి చూశాం. కరస్పాండెంటు గారు కుర్చీలు వేయించి మరీ మాట్లాడారు.

"అమ్మాయి రోజూ రానక్కర్లేదండీ. హాజరు సంగతి మేం చూసుకుంటాం," అన్నారు.

నాన్నకి ఆ మాట నచ్చింది. ఇంట్లో బైండింగుకి వచ్చే అచ్చు ఫారాలు మడవడానికి ఒక మనిషి మిగులుతుంది. నిజం చెప్పాలంటే నాకూ కొంచెం నచ్చింది. కాన్వెంటు స్కూల్లో సిస్టర్ పద్యం అప్పజెప్పమంటే నేను గోడ వైపు తిరిగి అప్పజెప్పేదాన్ని. నలుగురి ముందు నిలబడితే నా గొంతు ఎటు పోతుందో నాకే తెలియదు. అయినా టీచర్ని కావాలని ఉంది. ఇంకేదీ కావాలని లేదు. ఈత రానివాడు పడవ నడుపుతానన్నట్టు ఉందని మా ఫ్రెండు అంది.

ఏది ముందు పెట్టమంటావు? మీ ఊరి కాలేజీయే మంచిదని అందరూ అంటున్నారు. హాస్టలు నిండిపోయిందట. అదొక్కటే ఇబ్బంది.

నీ చీమ

&nbsp;

జూన్ 8

చీమా,

నీకు ఆ పేరు పెట్టింది నేనే. మాట్లాడకుండా, ఎప్పుడు చూసినా ఏదో ఒక పుస్తకం మోసుకుపోతూ ఉండేదానివి. ర్యాంకు వచ్చిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

కాలేజీని ఎలా చూడాలో చెబుతాను. ఫలితాల బోర్డు చూడకు. గోడల మీద ఫొటోలు చూడకు. క్లాసు గదిలోకి వెళ్ళి బోర్డు కింద నేల చూడు. సుద్దపొడి రాలి ఉంటే అక్కడ ఎవరో రాస్తున్నారు, చెరుపుతున్నారు. తర్వాత బెంచీ మీద వేలు పెట్టు. అక్కడ దుమ్ము ఉండకూడదు. ఈ రెండూ సరిపోతే మిగతావి అవే సర్దుకుంటాయి.

గొంతు గురించి బెంగ పెట్టుకోకు. మొదటిరోజు నాకూ రాలేదు. హాజరు పిలవడానికే పీరియడంతా పట్టింది. రోజూ నిలబడితే పోతుంది. చన్నీళ్ళ స్నానంలాంటిది, మొదటి చెంబు పోసుకునేదాకానే భయం.

ఇక్కడి విశేషాలంటే, మీ మావయ్య వాడుకున్న ముందు గది ఖాళీ చేయించాను. బాగుచేస్తానని ఆయన తెచ్చుకున్న రేడియోలు, ఆయన పోయాక ఇన్నేళ్ళూ అలాగే ఉన్నాయి. ఒక్కటీ పలకదు. అన్నిటినీ పాతసామాను వాడికి ఇచ్చేశాను. గోడలకి సున్నం వేయించాను. కిటికీ పక్కన ఒక బల్ల కూడా చేయిస్తున్నాను. వచ్చే మార్చిలో రిటైరవుతాను కదా. ఇంకో మనిషి తిరుగుతుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

కాలేజీ సంగతి నీ ఇష్టం, మీ నాన్న ఇష్టం. మధ్యలో నేను చెప్పేదేముంది.

మీ అత్త

&nbsp;

జూన్ 12

అత్తకి,

నాన్నకి ఏదో వంక చెప్పి కొత్త కాలేజీకి మళ్ళీ వెళ్ళాను. బోర్డు కింద నేల అద్దంలా మెరుస్తోంది. బెంచీ మీద వేలితో నా పేరు రాస్తే చివరి అక్షరం దాకా చక్కగా వచ్చింది. అటెండరు నన్ను చూసి, "ఏమైనా పోగొట్టుకున్నావా అమ్మా?" అని అడిగాడు. లేదండీ అని వచ్చేశాను.

కాబట్టి కాలేజీ అంటే మీ ఊళ్ళోదే. అది తెలిసిపోయింది. ఉండే చోటు దగ్గరే ఆలోచన ఆగిపోతోంది. బయట గది తీసుకుని ఒక్కదాన్నే ఉండడానికి అమ్మ ఒప్పుకోదు.

ముందు గది అద్దెకిస్తున్నావన్నమాట. మంచిపని అన్నాడు నాన్న. నీకూ తోడు ఉంటుంది. మంచి మనిషి దొరకాలని కోరుకుంటున్నాను. శబ్దం చేయని వాళ్ళయితే నీకు బాగుంటుంది.

నేను ఎక్కడ ఉండాలన్న మాట ఇంట్లో ఈ వారమంతా ఎవరూ ఎత్తలేదు. మా సంగతి నీకు తెలుసుగా. అన్నం తింటూ ఉప్పు కావాల్సి వచ్చినా, "ఉప్పు అటు వైపు ఉన్నట్టుంది," అంటాడు నాన్న. అందరం కాసేపు ఉప్పు వైపు చూస్తాం.

నీ చీమ

&nbsp;

జూన్ 16

చీమకి,

ఉత్తరం అందింది. మీ నాన్న మంచిపని అన్నాడంటే మంచిపనే అయివుంటుంది. చిన్నప్పటి నుంచీ వాడికి ముందుచూపు ఎక్కువ.

గదికి మనిషి సంగతి చూద్దాం. శబ్దం చేయని మనిషినే అనుకున్నాను నేను కూడా.

మోకాలు వాచింది. స్టూలు ఎక్కలేకపోతున్నాను, బోర్డు పైభాగం అందడం లేదు. "టీచర్, కింద సగమే వాడుకుందాం, పై సగం వచ్చే ఏడాదికి దాచండి," అంటున్నారు పిల్లలు.

దుమ్మున్న చోట చేరమని నేను చెప్పను. వద్దనడానికి మాత్రం నేనెవరిని. ఒకరిని బలవంతం చేసే వయసు దాటిపోయింది. నీ ఇష్టం.

మీ అత్త

&nbsp;

జూన్ 20

అత్తకి,

ఇవాళ నెట్ సెంటరుకి వెళ్ళాం. మీ ఊరి కాలేజీ పేరు మీదే ముందు వేలు పెట్టాను. అక్కడ కూర్చునే ఆయన టైపు చేయబోతూ ఆగి, హాస్టలు ఉందా అని అడిగాడు. లేదన్నాను.

"మరి ఆ ఊళ్ళో బంధువులున్నారా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న గోడ మీద కేలెండరు వైపు చూశాడు. వెనక లైనులో వాళ్ళు దగ్గుతున్నారు. కొత్త కాలేజీని మొదట పెట్టించాను. మీ ఊరిది రెండోది. మొదటిదే వస్తుందని, దానికి ఎవరూ పోటీ లేరని ఆయన చెప్పాడు. చెప్పాక కొంచెం జాలిగా చూశాడు.

నీ ఇష్టం అన్నావు కదా. ఇది నా ఇష్టమేననుకో.

మోకాలికి వేడి కాపడం పెట్టుకో.

నీ చీమ

&nbsp;

నవంబరు 17

అత్తకి,

ఇన్నాళ్ళూ రాయనిది రాయడానికి ఏమీ లేకే. మా క్లాసులో పేర్లు చాలా ఉన్నాయి, మనుషులే తక్కువ. రోజూ వచ్చేది నేను. అప్పుడప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గురు.

పాఠం చెప్పడం నేర్చుకోవడానికి మమ్మల్ని ఏ బడికీ పంపరు. మాలో ఒకరు టీచరు, మిగతావాళ్ళు ఆరో తరగతి పిల్లలు. తర్వాత రికార్డులో "పిల్లలు ఉత్సాహంగా జవాబులు చెప్పారు" అని రాయాలి. పిల్లగా కూర్చునే ఒకావిడకి ముప్పై దాటాయి, టైలరింగ్ షాపు ఉంది. నేను పాఠం మొదలుపెట్టగానే చెయ్యెత్తి, "టీచర్, బాత్రూం," అంది. నవ్వి వెళ్ళమన్నాను. బ్యాగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఎవరూ రాని రోజు ఖాళీ బెంచీలకే చెబుతాను. అత్తా, నమ్ముతావో లేదో, బెంచీలకి చాలా బాగా చెబుతున్నాను. నా గొంతు గది చివరిదాకా వెళ్తోంది. ఆ గొంతు నాదేనా అని ఒక్కోసారి ఆగి వింటాను. కింద టైర్ల షాపులో అతను నిన్న మెట్ల దగ్గర కనిపించి, ఆకుల్లో ఉండే పచ్చ రంగు పదార్థం పేరు తప్పులేకుండా చెప్పాడు. పైనుంచి వినీ వినీ వచ్చేసిందట. నేను మెట్లు దిగి పరుగెత్తాను.

గదికి మనిషి కుదిరారా?

నీ చీమ

&nbsp;

డిసెంబరు 2

చీమకి,

బెంచీలు మంచి పిల్లలే. కాకపోతే అవి తప్పు జవాబు చెప్పవు. మొన్న అదే పాఠం, చెట్లు ఆహారం తయారుచేసుకోవడం, నేను చెబుతుంటే ఒక గడుగ్గాయి లేచి, "చెట్టుకి ఆకలేస్తే ఎవరికి చెబుతుంది టీచర్?" అంది. ముప్పై ఏళ్ళుగా చెబుతున్న పాఠం. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎవరికీ చెప్పదు, ఎదురుచూస్తుంది అన్నాను చివరికి. అలాంటి ప్రశ్న ఎదుట నిలబడితే గానీ టీచరు తయారవదు. బెంచీల ముందు ఎంత నిలబడినా ఒకటే.

మీకు సెలవులిచ్చినా మా బడి తెరిచే ఉంటుంది. వెనక బెంచీ ఒకటి ఎప్పుడూ ఖాళీయే. ఎవరు వచ్చి కూర్చున్నా మా హెడ్‌మిస్ట్రెస్ ఏమీ అనదు.

గదికి ఎవరూ కుదరలేదు. తొందరేం లేదు.

మీ అత్త

&nbsp;

ఫిబ్రవరి 11

అత్తకి,

అందరికీ సెలవులిచ్చినా మీ బడి నడుస్తుందని రాశావు. రిటైరయ్యే ముందు కూడా నీకు విశ్రాంతి లేదన్నమాట. పాపం అనుకున్నాం.

నిన్న మా కాలేజీకి తనిఖీ వచ్చింది. రెండు వ్యాన్లలో ఎక్కడి నుంచో పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. నిజం పిల్లలు. రోజూ వచ్చేదాన్ని కాబట్టి పాఠం నన్నే చెప్పమన్నారు. ఆ పాఠం బెంచీలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మొదటి వాక్యం వచ్చింది. రెండోది రాలేదు.

బెంచీల మీద ముఖాలు ఉన్నాయి అత్తా. నాకు వేరే ఏమీ కనిపించలేదు. వాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు, ఎదురుచూశారు. ముందు బెంచీలో పిల్ల ఒకతి గుసగుసగా, "టీచర్, పుస్తకం ఇవ్వనా? చూసి చెప్పండి," అని తన పుస్తకం నా వైపు జరిపింది. అది కూడా తీసుకోలేకపోయాను. కరస్పాండెంటు గారు వెనక నుంచి చప్పట్లు కొట్టమన్నారు. అందరూ కొట్టారు. తనిఖీకి వచ్చినాయన బాగుందని తలూపి పక్క గదిలోకి వెళ్ళాడు. నా పాఠం అంతే.

ఇంట్లో బాగా జరిగిందని చెప్పాను. నీకే ఇలా రాస్తున్నాను.

ముందు గదిలోకి ఎవరైనా వచ్చారా? ఒక్కదానివే ఉంటున్నావేమోనని అమ్మ అడగమంది.

నీ చీమ

&nbsp;

ఫిబ్రవరి 18

చీమా,

ఒక్క పాఠం పోయినంత మాత్రాన మనిషి టీచరు కాకుండా పోదు. ఇది ముందే రాస్తున్నాను. తర్వాతది చదివాక నీకు ఈ మాట గుర్తుండకపోవచ్చు.

గదికి మనిషి కుదిరారా అని మళ్ళీ అడిగావు. ఆ గది అద్దెకిస్తానని నేనెప్పుడూ రాయలేదు. సున్నం వేయించింది నీ కోసం. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు తలుపుకి ఆనుకుని చదువుతూ నిలబడ్డావు. నీ మోచేయి గొళ్ళెం దగ్గరికి వచ్చింది. ఆ కొలత గుర్తుపెట్టుకుని, కుర్చీ ఎంత ఉండాలి, బల్ల ఎంత ఉండాలి అని వడ్రంగితో లెక్క కట్టించాను.

హాస్టలు లేదని నువ్వు రాయగానే, అడుగుతున్నావనే అనుకున్నాను. తీరా అద్దెకివ్వడం మంచిపనని మీ నాన్న అన్నాడని రాశావు. నిన్ను నా దగ్గర ఉంచడం ఇష్టం లేక వాడు మర్యాదగా తప్పించుకుంటున్నాడనుకున్నాను. పిచ్చిపిల్లా, ఆ గది నీదే అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. నేను వాడికి అక్కని కదా. ఉప్పు అటు వైపు ఉన్నట్టుంది అనే ఇంట్లోనే నేనూ పుట్టాను. వెనక బెంచీ ఖాళీ అని రాసింది కూడా నిన్ను రమ్మనే.

గది అలాగే ఉంది.

మీ అత్త

&nbsp;

జూలై 24

అత్తకి,

నీ ఉత్తరానికి ఇన్ని నెలలుగా జవాబు రాస్తూనే ఉన్నాను. నాన్న కటింగ్ మిషను దగ్గర రాలే కాగితం ముక్కల మీద రాయడం, మళ్ళీ ఆ కుప్పలోనే పడేయడం. కోపం వచ్చిందనుకున్నావేమో. కోపం కాదు. ఏం అడగాలో తెలుసు, ఎలా అడగాలో తెలియలేదు.

నీ ఉత్తరం నాన్నకి చూపించాను. చదివి మడిచి ఇచ్చేశాడు. తర్వాత ఒకే అట్టకి రెండుసార్లు గమ్ము పూశాడు.

బి.ఎడ్. అయిపోయింది, ఫస్టు క్లాసు వచ్చింది. ఒక స్కూల్లో డెమో పాఠం చెప్పమన్నారు. ఈసారి మొదటి వాక్యం కూడా రాలేదు. ఇంకో స్కూలుకి గేటు దాకా వెళ్ళాను.

తిన్నగా అడుగుతున్నాను. అలవాటు లేదు, సరిగ్గా రాకపోతే ఏమీ అనుకోకు. నేను వచ్చి ఆ గదిలో ఉండనా? నువ్వు రిటైరయినా సరే, మీ బడిలో వెనక బెంచీలో కూర్చోనా? పిల్లల ముందు నిలబడడం నాకు నేర్పుతావా?

నీ చీమ

&nbsp;

జూలై 30

చీమా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మన వంశంలో ఇంత తిన్నగా ఇంకొకరిని అడిగిన మనిషి లేదు.

నీకు తెలుసుగా, నేను మార్చిలో రిటైరయ్యాను. పిల్లలు తక్కువయ్యారని వేసవిలో మా బడిని వేరే బడిలో కలిపేశారు. మా గేటుకి తాళం పడింది. వెనక బెంచీ లేదు, ముందు బెంచీ లేదు.

గది సంగతి. నీ దగ్గర నుంచి జవాబు రాకపోయేసరికి కోపం వచ్చిందనే అనుకున్నాను. వచ్చినా న్యాయమే అనుకున్నాను. ఈ నెల మొదట్లో ఎవరో అమ్మాయి తలుపు కొట్టింది. పాత కాలేజీలో సీటు వచ్చిందట. చెప్పులు కూడా విడవకుండా, "గది ఖాళీగా ఉందని విన్నాను ఆంటీ, నేను ఉండొచ్చా?" అంది. ఉండమన్నాను. అడగడం ఇంత చిన్న పనని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

బల్ల తనకి ఎత్తు ఎక్కువైంది. దిండు వేసుకుని కూర్చుంటోంది. సాయంత్రాలు పాఠాలు గట్టిగా చెప్పుకుంటుంది. రేడియోలన్నీ మూగబోయిన గదిలోంచి గొంతు వినిపిస్తుంటే గరిటె పట్టుకుని ఆగిపోతాను. తప్పులు చాలా చెబుతుంది. గోడ ఇవతల నుంచి దిద్దుతుంటాను.

మాట ఇచ్చాక పొమ్మనలేను. వసారాలో మంచం వేస్తాను, వచ్చెయ్. ఈసారి తిన్నగానే రాస్తున్నాను. రా.

మీ అత్త

&nbsp;

ఆగస్టు 14

అత్తకి,

వసారాలో మంచం వద్దులే. ఆ అమ్మాయి చదువుకునే చోట మధ్యలో నేనెందుకు. నీకు మోకాళ్ళు బాగాలేవు, ఇద్దరి పని అంటే కష్టం. పర్వాలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. మా కాలేజీలోనే. క్లాసులకి రాని వాళ్ళ రికార్డులు రాసిపెట్టడం. నా అక్షరాలు బాగుంటాయని కరస్పాండెంటు గారే పిలిచి ఇచ్చారు. "పిల్లలు ఉత్సాహంగా జవాబులు చెప్పారు" అని రోజంతా రాస్తాను. చెయ్యి దానంతటదే రాసేస్తోంది.

పని అయ్యాక క్లాసు గదిలోకి వెళ్తాను. బెంచీలు తుడిచి, బోర్డు మీద రాసి, ఏదో ఒక పాఠం చెప్పి, చెరిపేసి ఇంటికి వస్తాను. టైర్ల షాపు వాళ్ళకి ఇప్పుడు రక్తప్రసరణ దాకా వచ్చింది.

నిన్న ఒకాయన కూతురిని తీసుకుని కాలేజీ చూడడానికి వచ్చాడు. చివరి విడత సీట్లు. ఆ అమ్మాయి నాలాగే గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన గదంతా చూసి, బోర్డు కింద చూసి, "పాఠాలు బాగానే జరుగుతున్నట్టున్నాయి," అన్నాడు. ఆ పొడి నాదే. అమ్మాయి లోపలికి వచ్చి బెంచీ మీద వేలు పెట్టింది. వేలికి ఏమీ అంటలేదు. అప్పుడు నా వైపు చూసి అడిగింది.

"ఇక్కడ నిజంగా చెబుతారా అండీ?"

చెప్పరు అనాలని నాకు తెలుసు. వాక్యం కూడా తయారుగా ఉంది. ఇద్దరూ నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపే ఎదురుచూశారు. తర్వాత ఆయన, "పద, ఆఫీసు ఆ చివర ఉందట," అన్నాడు.

ఇవాళ ఆ అమ్మాయి చేరింది. రోజూ రానక్కర్లేదని కరస్పాండెంటు గారు తనకీ చెప్పారు. తన రికార్డులో మొదటి పేజీ రాసి, ఆరడానికి పక్కన పెట్టి, నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ చీమ